ఇంటర్వెల్ లేట్: ఒక రూల్, ఐదు బాత్రూమ్‌లు, 228 మంది అమ్మాయిలు

మూడు లేట్ స్లిప్పులు పడితే ఇంటికి ఫోన్ వెళ్ళాలి. అది మా స్కూల్ రూల్. రూల్ రాసిన కమిటీలో కలం పట్టుకున్నది నేనే కాబట్టి, ఫోన్ చేసే పనీ నా నెత్తినే పడింది. ఆ వారం లిస్టులో ఉన్నది తొమ్మిదో తరగతి అమ్మాయి. బాగా చదువుతుంది, ఏ గొడవలోనూ పేరు వినపడదు. పొద్దున గేటు దగ్గర ఒక్కసారి కూడా లేట్ కాలేదు. పడ్డ మూడు స్లిప్పులూ ఇంటర్వెల్ తర్వాత, మూడో పీరియడ్‌లోనే.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చారు. నేను చెప్పాల్సిందంతా ఓపిగ్గా విన్నారు. విని, "మీ రూల్ మీరు పెట్టుకున్నారు, మేం కాదనం. కానీ ఒక్క మాట సార్. ఇది ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా బాత్రూమ్‌లోకి పరిగెడుతుంది. రోజూ అంతే. స్కూల్లో వెళ్ళొచ్చుగా అంటే, కుదరదమ్మా అంటుంది" అన్నారు.

అమ్మాయి పక్కనే నిలబడి నేల చూపులు చూస్తోంది. బ్యాగు పక్క జేబులో నీళ్ళ సీసా ఉంది. టైము మూడు కావస్తోంది. సీసాలో నీళ్ళు మూత దాకా ఉన్నాయి.

"మళ్ళీ నింపుకున్నావా అమ్మా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

నేను బయాలజీ చెబుతాను. అంతకు నెల ముందే అదే క్లాసులో మూత్రపిండాల పాఠం చెప్పాను. ఆ వయసు అమ్మాయిలకు తిండిలో వచ్చే నీటితో కలిపి రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్ళు అందాలని బోర్డు మీద రాసి, కింద గీత గీసి మరీ చెప్పాను. ఆ గీత గుర్తొచ్చి సిగ్గేసింది.

ఈ కేసును ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పిల్లల్ని ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మాత్రం వదిలేశాను.

రూల్ ఎందుకొచ్చింది

ఊరికే పెట్టిన రూల్ కాదు. అంతకు ముందు ఏడాది పిల్లలు క్లాసు మధ్యలో "బాత్రూమ్‌కి సార్" అని లేవడం, ఇద్దరు ముగ్గురు మెట్ల కింద కలుసుకోవడం, ఇరవై నిమిషాలకు తిరిగి రావడం మామూలైపోయింది. ఒకరోజు అలా బయటికొచ్చిన కుర్రాళ్ళ ఆటలో ల్యాబ్ కిటికీ అద్దం పగిలింది. ఒకడి చెయ్యి తెగింది. దాంతో క్లాసు జరుగుతుండగా ఎవర్నీ బయటికి పంపకూడదని, ఇంటర్వెల్‌లోనో లంచ్‌లోనో వెళ్ళి రావాలని తీర్మానించాం. ఇంటర్వెల్ పది నిమిషాలు. రెండో బెల్ తర్వాత క్లాసులో అడుగుపెడితే స్లిప్. స్లిప్పుకో హౌస్ పాయింట్ కోత, అంటే ఆ పిల్ల ఉన్న జట్టు (హౌస్) మార్కుల్లో ఒకటి తగ్గిస్తాం.

రూల్ పనిచేసింది కూడా. వరండాలు ఖాళీ అయ్యాయి. తర్వాత ఏదో తేలింది కదా అని ఇప్పుడు దాన్ని పిచ్చి రూల్ అనలేను. ఏ తలనొప్పి కోసం పెట్టామో అది తగ్గింది. కొత్తగా ఇంకో తలనొప్పి మొదలైంది. అయితే అది మాకు కాదు, పిల్లలకు. అందుకే మా కంటపడలేదు.

రిజిస్టర్ చెప్పిన సంగతి

ఆ తల్లి వెళ్ళాక లేట్ రిజిస్టర్ తీసి ముందేసుకున్నాను. అప్పటిదాకా దాన్ని పేర్ల కోసమే చూసేవాణ్ణి. ఎవరికి మూడు పడ్డాయి, ఎవరింటికి ఫోన్ చేయాలి, అంతవరకే. ఈసారి పేర్లు వదిలేసి టైము, తరగతి, అమ్మాయా అబ్బాయా అని మూడు గళ్ళు గీసుకుని ఆ నెల స్లిప్పులన్నీ పంచాను.

పగటి స్లిప్పులు మొత్తం 64. లంచ్ తర్వాతవి 7 మాత్రమే. మిగతా 57 ఇంటర్వెల్ తర్వాతవి. ఆ 57లో అమ్మాయిలవి 51. ఆ 51లో 38 తొమ్మిది, పది తరగతుల వాళ్ళవి. ఆ క్లాసులు రెండో అంతస్తులో ఉంటాయి. మెట్లెక్కి రావడానికి ఆలస్యమవుతోందేమో అనుకున్నాను. కానీ అవే క్లాసుల అబ్బాయిలు అవే మెట్లెక్కి టైముకి వస్తున్నారు.

ఇంకో విషయం అన్నిటికన్నా ముందు కనిపించాల్సింది. లేట్ ఎంతసేపు అన్న గడిలో దాదాపు అన్నీ ఒకటి, రెండు, మూడు నిమిషాలే. కావాలని బయట తిరిగేవాళ్ళు రెండు నిమిషాలు లేటుగా రారు. తిరగాలనుకున్నవాడు పది నిమిషాలు తిరుగుతాడు. రెండు నిమిషాల లేట్ అంటే, ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చినా అందుకోలేకపోయిందన్నమాట.

మొదట చేసిన తప్పు

లెక్క చేతికొచ్చినా బుద్ధి వెంటనే రాలేదు. స్టాఫ్ రూమ్‌లో పెడితే ఎక్కువమంది చెప్పిన కారణం ఒక్కటే: కబుర్లు. "జంటలు జంటలుగా వెళ్తారు సార్, ఒక్కత్తీ వెళ్ళదు. లోపల ఒకతి, బయట ఒకతి నిలబడి ముచ్చట్లు." చూసిన మాటే. నేనూ చూశాను. అందుకే నమ్మాను.

అమ్మాయిల బ్లాక్ బయట ఇంటర్వెల్‌లో ఒక మేడమ్‌కి డ్యూటీ వేశాం. ఆవిడ పని "త్వరగా, త్వరగా" అనడం. రెండు వారాల్లో స్లిప్పులు సగానికి పడిపోయాయి. మీటింగులో ఆ అంకె చదివి అందరం తృప్తిపడ్డాం.

మూడో వారం ఆ డ్యూటీ మేడమే నన్ను పక్కకు పిలిచి, "సార్, స్లిప్పులు తగ్గాయి గానీ, వచ్చేవాళ్ళు కూడా తగ్గారు. లైను పొడుగు చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నారు" అన్నారు. అంటే మేం లేట్‌ను తగ్గించలేదు. బాత్రూమ్‌కి వెళ్ళడాన్ని తగ్గించాం. సిక్ రూమ్ రిజిస్టర్లో మధ్యాహ్నం పూట తలనొప్పి, కడుపునొప్పి అని వచ్చిన పేర్లలో అమ్మాయిలవే ఎక్కువ కనిపించాయి. తలనొప్పికి సవాలక్ష కారణాలుంటాయి, దీనికీ దానికీ ముడిపెట్టి ఏదో నిరూపించానని చెప్పను. కానీ ఆ పేజీ చూశాక రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఆ అమ్మాయితో మాట్లాడే పని నేను పెట్టుకోలేదు. డిసిప్లిన్ కమిటీలో ఉన్న మగ టీచరుకు పద్నాలుగేళ్ళ పిల్ల ఈ విషయం చెప్పదు, చెప్పమని అడగడమూ బాగుండదు. హిందీ మేడమ్ మాట్లాడారు. ఆవిడ తెచ్చిన సమాచారం రెండు ముక్కలు: "లైన్ పెద్దది. గడియ లేదు."

మ్యాథ్స్ క్లబ్ రంగంలోకి దిగింది

మా స్కూల్లో మ్యాథ్స్ క్లబ్ అంటే నెలకోసారి పజిల్ పోటీ, ఏడాదికోసారి చార్టులు. లెక్కల సార్‌కి ఈ సంగతి చెబితే ఆయన కళ్ళు మెరిశాయి. "ఇది క్యూ లెక్క సార్. పాఠం చెప్పినట్టూ ఉంటుంది" అన్నారు. ఆయన ఉత్సాహం ఎంతదాకా వెళ్ళిందంటే, 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రాన్ని పదో తరగతి పిల్లలకు బోర్డు మీద విప్పి చెప్పారు: నిమిషానికి సగటున ఎంతమంది వస్తారో, ఒక్కొక్కరు సగటున ఎంతసేపు ఉంటారో గుణిస్తే, ఏ క్షణంలో చూసినా అక్కడ సగటున ఎంతమంది ఉంటారో తెలుస్తుంది. సిలబస్‌లో లేదు. పిల్లలకు మాత్రం ఇట్టే ఎక్కింది, ఎందుకంటే ఆ లైన్లో నిలబడేది వాళ్ళే.

పదో తరగతి అమ్మాయిలు నలుగురు ముందుకొచ్చారు. హెచ్‌ఎం మేడమ్ అనుమతితో, డ్యూటీ మేడమ్ పక్కన ఉండగా నాలుగు రోజులు లెక్క తీశారు. పేర్లు రాయలేదు, తరగతి కూడా రాయలేదు. తలుపు మూసుకున్న టైము, తెరుచుకున్న టైము, అంతే. ఇంటర్వెల్ మొదలయ్యాక ప్రతి రెండు నిమిషాలకు లైన్లో ఎంతమంది ఉన్నారో ఒక గీత.

వాళ్ళు తెచ్చిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. పెన్సిల్‌తో రాసింది. మధ్యలో నీటి చుక్క పడి ఒక వరస అలుక్కుపోయింది. అడుగున ఒక వాక్యం ఉంది. మా కమిటీ మీటింగులన్నీ కలిపినా అంత పనికొచ్చే మాట రాలేదు: "3వ, 5వ తలుపులకు గడియ లేదు. ఫ్రెండ్ బయట నిలబడి తలుపు పట్టుకోవాలి."

జంటలుగా వెళ్ళడం అందుకట. మేం కబుర్లు అనుకున్నది కాపలా.

అంకెలు ఇవి. బ్లాకులో బాత్రూమ్‌లు ఎనిమిది. రెండిట్లో విరిగిన బెంచీలు, చీపుర్లు పెట్టి తాళం వేశారు. ఒకదానికి ఫ్లష్ పోయింది. మిగిలినవి ఐదు, అందులో రెండిటికి గడియల్లేవు. లోపలికి వెళ్ళి బయటికి రావడానికి సగటున ఒకటిన్నర నిమిషం పడుతోంది. యూనిఫామ్, బెల్టు, మగ్గుతో నీళ్ళు పోయడం, అన్నీ కలిపి 90 సెకన్లంటే ఎక్కువేమీ కాదు. అలా చూస్తే ఐదు బాత్రూమ్‌లు పది నిమిషాల్లో మహా అయితే 33 మందికి సరిపోతాయి. అది కూడా బెల్ కొట్టిన సెకనుకే ఐదూ నిండితే. స్కూల్లో అమ్మాయిలు 228 మంది.

ఇప్పుడు ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి ఇంటర్వెల్ చూడండి. రెండో అంతస్తు నుంచి దిగి రావడానికి రెండు నిమిషాలు. ఆరు, ఏడు తరగతులు కింది అంతస్తులోనే, బ్లాకు పక్కనే ఉంటాయి. ఆ పిల్లలు అప్పటికే బారు తీరి ఉంటారు. తన ముందు 20 మంది ఉన్నారనుకుంటే, ఐదు తలుపులకు పంచితే నలుగురు చొప్పున, ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం, వెరసి ఆరు నిమిషాల ఎదురుచూపు. తన పని ఒకటిన్నర నిమిషం. మళ్ళీ మెట్లెక్కడానికి రెండు. మొత్తం పదకొండున్నర. పది నిమిషాల ఇంటర్వెల్‌కు ఒకటిన్నర నిమిషం లేట్. రిజిస్టర్లో పడ్డది సరిగ్గా అదే.

లెక్కల సార్ ఆ చివరి గీత గీసినప్పుడు స్టాఫ్ రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో స్కూళ్ళ నీటి, పారిశుద్ధ్య సౌకర్యాల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 25 మంది అమ్మాయిలకు ఒక టాయిలెట్ ఉండాలని ఉంది. ఆ లెక్కన మాకు పది కావాలి. ఉన్నవి ఎనిమిది, నడుస్తున్నవి ఐదు. ఈ కొలత నాకు ముందే తెలుసు. ఒక తనిఖీ ఫారంలో "టాయిలెట్లు: 8" అని నింపింది కూడా నేనే. ఆ ఫారంలో తాళం వేసినవి ఎన్ని అని అడిగే గడి లేదు.

బయాలజీ టీచరుగా ఇంకొక్క మాట. పన్నెండేళ్ళ పిల్లల మూత్రాశయం సుమారు 420 మిల్లీలీటర్లు పడుతుంది. పిల్లలు రోజుకు 4 నుంచి 7 సార్లు వెళ్ళడం మామూలు. ఏడెనిమిది గంటల స్కూలు రోజంతా ఆపుకోవాలంటే నీళ్ళు తాగడం మానేయడం ఒక్కటే దారి. పిల్లలు అదే కనిపెట్టుకున్నారు. ఆపుకోవడం అలవాటైతే మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, మలబద్ధకం వచ్చే అవకాశం పెరుగుతుంది. నెలసరి రోజుల్లో నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవాలని మేమే చెబుతాం. గడియ లేని తలుపు వెనక, పడేయడానికి మూత ఉన్న బుట్ట కూడా లేని చోట, అది జరిగే పనేనా? ఆ రోజుల్లో కొందరు అసలు స్కూలుకే రావడం లేదని హిందీ మేడమ్ చెప్పారు. అటెండెన్స్ రిజిస్టర్లో అది "జ్వరం" అని ఉంటుంది.

మార్పులు, గొడవలు

గడియలు ఒక్క పూటలో అయిపోయాయి. ఇన్నాళ్ళూ ఎందుకు కాలేదంటే, అడిగినవాళ్ళు లేరు. అడగాల్సినవాళ్ళకు అవసరం పడలేదు, అవసరం ఉన్నవాళ్ళకు ఎవర్నడగాలో తెలియదు. బెంచీలు బయటికి తీయడానికి రెండు రోజులు. ఫ్లష్ మాత్రం నెలన్నర పట్టింది, దాని కథ వేరే. ప్రతి బాత్రూమ్‌లో మూత ఉన్న బుట్ట, తలుపు వెనక ఒక కొక్కెం. కొక్కెం పిల్లలు అడిగిందే, మా ఆలోచన కాదు. ప్యాడ్ ఉన్న చిన్న సంచి తడి నేల మీద పెట్టలేరు కదా.

ఇంటర్వెల్‌ను రెండుగా విడగొట్టాం. ఆరు, ఏడు తరగతులకు ముందు, ఎనిమిది, తొమ్మిది, పదికి పది నిమిషాల తర్వాత. టైమ్‌టేబుల్ వేసే మాస్టారు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన బాధ నిజమే, రెండు గ్రూపులకూ పాఠం చెప్పే టీచర్లకు మధ్యలో ఊపిరి తీసుకునే సందు పోయింది. దాన్ని ఇంకా పూర్తిగా సర్దలేకపోయాం.

అసలు గొడవ రూల్ మార్చేటప్పుడు వచ్చింది. క్లాసు మధ్యలో వెళ్ళడానికి ప్రతి గదిలో ఒక్క కార్డు పెట్టాలన్నాను. తలుపు దగ్గర మేకుకు వేలాడుతుంది. కార్డు అక్కడుంటే తీసుకుని వెళ్ళొచ్చు, లేకపోతే ఎవరో బయట ఉన్నట్టు. అడగక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. సోషల్ మాస్టారు లేచి, "కార్డు వేలాడదీస్తే ఒకడి తర్వాత ఒకడు లేస్తూనే ఉంటాడు. ఇక నా పాఠం వినేదెవరు? కిటికీ అద్దం మర్చిపోయారా?" అన్నారు.

మర్చిపోలేదు. కిటికీ పగిలినప్పుడు బయట ఉన్నది ఐదుగురు. కార్డుతో వెళ్ళేది ఒక్కరు. ఆ మాటే చెప్పాను. పీరియడ్ మొదటి పది నిమిషాలు, పరీక్షల సమయం మినహాయించాలన్నారు. మొదటి పది నిమిషాల షరతు నాకు నచ్చలేదు. అయినా ఒప్పుకున్నాను, కాకపోతే కార్డే వచ్చేది కాదు. ఎవరికైనా ఆరోగ్య సమస్య ఉంటే ఈ షరతులేవీ వర్తించవని ఒక వాక్యం మాత్రం పట్టుబట్టి రాయించాను. బాలల హక్కుల ఒప్పందం (1989) 28వ అధికరణలో, స్కూలు క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగ్గట్టుగా ఉండాలని ఉంది. మీటింగులో అది చదివితే ఎవరూ కాదనలేదు, ఎవరూ కదలనూ లేదు. వాళ్ళను కదిలించింది పెన్సిల్ కాగితమే.

సోషల్ మాస్టారి జోస్యం మొదటి వారం అక్షరాలా ఫలించింది. కొత్త మోజులో ఆయన ఒక్క పీరియడ్లోనే ఏడుగురు లేచారు. నా కేసి ఒక చూపు చూశారు. రెండో వారానికి నాలుగుకి, నెలాఖరుకి పీరియడ్‌కి ఇద్దరికి దిగింది. తొమ్మిదో తరగతి అబ్బాయిలిద్దరు ఒకే నిమిషానికి రెండు సెక్షన్ల కార్డులు తీసుకుని మెట్ల కింద కలుసుకోవడం మాత్రం నాలుగుసార్లు జరిగింది. వాళ్ళిద్దర్నే పిలిచి మాట్లాడాం. వాళ్ళ కోసం అందరికీ కొత్త రూల్ రాయాలన్న ప్రతిపాదన వచ్చింది. ఈసారి నేను కలం పట్టుకోలేదు.

హౌస్ పాయింట్ల కోత గురించి చెప్పాలి. అది పెట్టిన కొత్తలో సీనియర్ అమ్మాయిలు కొందరు "పోతే ఒక్క పాయింటే కదా" అని తాపీగా వచ్చేవాళ్ళు. అప్పుడది పొగరనిపించింది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో డే కేర్ సెంటర్ల మీద జరిగిన ప్రయోగం ఒకటుంది, 2000లో అచ్చయింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి లేటుగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే, లేట్‌గా వచ్చేవాళ్ళు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యారు. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థితికి రాలేదు. లేటుకు ఒక రేటు ఖరారైంది, కట్టేస్తే సరి అనుకున్నారన్నమాట. మా పిల్లలదీ అదే, కాకపోతే వాళ్ళకు లేట్ అవడం తప్ప వేరే దారి కూడా లేదు. కోత ఎత్తేశాం.

రెండు నెలల తర్వాత అవే మూడు గళ్ళు గీసి మళ్ళీ పంచాను. ఇంటర్వెల్ తర్వాతి స్లిప్పులు 57 నుంచి 11కి వచ్చాయి. కార్డు వల్ల ఎంత, గడియల వల్ల ఎంత, రెండు ఇంటర్వెల్‌ల వల్ల ఎంత అంటే విడదీసి చెప్పలేను. అన్నీ ఒక్కసారే మార్చాం. ఒక్కొక్కటే మార్చి కొలిస్తే బాగుండేదని లెక్కల సార్ అంటారు. పిల్లల్ని ఇంకో టర్మ్ ఆపుకోమని చెప్పలేక అలా చేశాం.

స్లిప్పులు తగ్గాయన్న అంకెను ఈసారి వెంటనే నమ్మలేదు, ఒకసారి మోసపోయాను కదా. పదో తరగతి అమ్మాయిలు మళ్ళీ రెండు రోజులు లెక్క తీశారు. ఇంటర్వెల్‌లో వెళ్ళేవాళ్ళ సంఖ్య తగ్గలేదు, పెరిగింది. లైన్ మాత్రం పొట్టిదైంది. ఇప్పుడు నెలకోసారి గడియలు, ఫ్లష్, బుట్టలు చూసి ఒక పేజీ నింపడం క్లబ్ పనుల్లో ఒకటైంది. ఆ పేజీ హెచ్‌ఎం మేడమ్ టేబుల్ మీదకు నేరుగా వెళ్తుంది, నా ద్వారా కాదు. అలా కావాలని వాళ్ళే అడిగారు.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయిని దీని గురించి నేను ఎప్పుడూ అడగలేదు. పాఠం చెబుతూ ఒకట్రెండు సార్లు సీసా వైపు చూసిన మాట నిజం. ఒకరోజు సగముంది, ఇంకోరోజు నిండుగానే ఉంది.

కార్డులు వచ్చిన మూడో నెలలో ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "సార్, మా వైపు ఎప్పుడు లెక్కపెడతారు?" అన్నాడు. అబ్బాయిల బ్లాకులో మూత్రానికి నిలబడే గోడ పొడవునా మధ్యలో ఒక్క అడ్డం కూడా లేదని, అందుకని కొందరు తలుపున్న ఒక్క బాత్రూమ్ కోసమే లైన్లో నిలబడతారని చెప్పాడు. వాడి స్లిప్పులు తీసి చూశాను. ఆ టర్మ్‌లో రెండు, రెండూ రెండేసి నిమిషాల లేట్. అబ్బాయిలవి ఆరే కదా అని నేను పక్కన పెట్టిన గడిలోవి. వచ్చే సోమవారం నుంచి క్లబ్ అబ్బాయిలు స్టాప్‌వాచ్‌తో అటు వెళ్తారు. తాళం వేసినవి ఎన్ని, గడియ లేనివి ఎన్ని అన్న గళ్ళు ఈసారి ఫారంలో ముందే గీసి ఇచ్చాం.